ర్యాంకులు కట్టిన రోజులు

పుదుచ్చేరిలో నేను చేసిన మొదటి చెప్పుకోదగ్గ ఉద్యోగం మనుషులకు ర్యాంకులు కట్టడం. ప్రజాసంబంధాల గురించి, మార్కెటింగ్ గురించి ఇంటర్నెట్‌లో బ్లాగులు రాసేవాళ్ళలో ఎవరి పలుకుబడి ఎంతో కొలిచి, ఒకటి నుంచి యాభై దాకా వరసగా పేర్చి, ప్రతి సోమవారం పొద్దున మా కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టేదాన్ని. అది రెండు వేల ఏడు, ఎనిమిది ప్రాంతం. ఇంగ్లీషు నాలుగు ముక్కలు రాయగలిగిన ప్రతివాడికీ అప్పట్లో ఒక బ్లాగు ఉండేది. ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నాను గనక అసహ్యం కాస్త చల్లారి ఉంటుందనుకున్నాను. రాయడానికి కూర్చుంటే తెలిసింది, ఏమీ చల్లారలేదు.

మాది కోసపాళయం. నాన్న ముదలియార్‌పేట వైపు ఒక బట్టల మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అయితే సగానికి సగం అరవం కలిసిన తెలుగు, పిలిచేటప్పుడు అమ్మా బదులు మా అనే తెలుగు. తెలుగు అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు. నేనొక్కదాన్నే కాలేజీ అయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. కాలేజీలో చదివింది కామర్స్, వచ్చిన ఉద్యోగం పబ్లిసిటీ కంపెనీలో.

కంపెనీ అంటే సముద్రం వైపు వీధుల్లో ఒక పాత మేడ, దాని పై అంతస్తులో కొన్ని కంప్యూటర్లు, వానొస్తే కారే ఒక మూల. హోటళ్ళకు కరపత్రాలు, మందుల కంపెనీలకు క్యాలెండర్లు, పత్రికలకు పంపే వార్తలు, ఇవీ మా పనులు. యజమాని మా తెలుగువాడే. బాహూర్ వైపు పొలాలున్న కుటుంబం. చెన్నైలో ఒక పెద్ద కంపెనీలో పనిచేసి వచ్చి ఇక్కడ సొంతంగా పెట్టుకున్నాడు. ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏం మా, మన కంపెనీ పేరు ఈ ఊరు దాటి ఎవురికన్నా తెలుసునా?"

"తెలీదు సార్."

"తెలియల్లంటే ఏం చెయ్యల్ల? మనల్ని మనం పొగుడుకుంటే ఎవురూ ఇనరు. వాళ్ళని పొగిడితే వాళ్ళే మన పేరు మోసుకోని తిరగతారు. యాభై మందికి ర్యాంకులిద్దాం. యాభై మందీ వాళ్ళ బ్లాగులో మన పట్టీ అంటించుకుంటారు. పైసా కర్చు లేని పబ్లిసిటీ."

అట్లా మొదలైంది. కొలతలు ఆయనే చెప్పాడు. ఒక బ్లాగుకి ఇతర బ్లాగుల నుంచి ఎన్ని లింకులు వస్తున్నాయి, కొత్త పోస్టు రాగానే తమకు చేరేలా ఎంతమంది పేర్లు ఇచ్చుకున్నారు, పోస్టు కింద ఎన్ని కామెంట్లు పడుతున్నాయి, సెర్చి ఇంజను వాళ్ళు బ్రౌజరు పైన పెట్టిన ఆకుపచ్చ గీత ఆ సైటుకి పదికి ఎన్ని మార్కులు చూపిస్తోంది. ఇవి నాలుగూ నేను ఏరుకొచ్చి కలపాలి. అయిదోది నాణ్యత. దానికీ పది మార్కులు.

"నాణ్యత ఎట్ల కొలిచేది సార్?" అని అడిగాను.

"దాన్ని నేను కొలస్తా లే," అన్నాడు.

ఆయన కొలిచే పద్ధతి మొదటి వారమే కళ్ళారా చూశాను. నా పక్కన కుర్చీ వేసుకుని, టీ తాగుతూ, ఒక్క పోస్టూ తెరవకుండా మార్కులు చెప్పుకుంటూ పోయాడు. మాకు పని ఇచ్చే అవకాశం ఉన్న కంపెనీలో ఉన్నవాళ్ళకి తొమ్మిది. చెన్నైలో ఒకప్పుడు తనతో పడనివాడికి మూడు. బెంగళూరులో ఒక మహిళ చాలా బాగా రాస్తుందని నేనంటే, "ఆమె ఎవురు? మనకేమన్నా క్లయింటా?" అని అడిగి రెండు వేయించాడు. ఆ పట్టీ పైన మాత్రం ఇంగ్లీషులో 'శాస్త్రీయ పద్ధతిలో లెక్కించినది' అని రాయించాడు. ఆ మాట టైపు చేసింది నేనే. చేస్తుంటే వేళ్ళకి జిడ్డు అంటుకున్నట్టనిపించింది.

ఇక అన్న గురించి చెప్పాలి. ఆయన నాకు సొంత అన్న కాదు. కాలేజీలో మాకు మార్కెటింగ్ చెప్పేవాడు. రెండు మూడు కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెప్పి బతికేవాడు. ఉండేది ముదలియార్‌పేటలో. ఆయనా తెలుగువాడే గాబట్టి, క్లాసు దాటాక సార్ అనొద్దు, అన్నా అని పిలువు అన్నాడు. ఆయన భార్య నాకు వదిన అయింది. వదిన ఇంట్లో రవికలు కుట్టేది.

అన్నకు ఒక బ్లాగు ఉండేది. ఇంగ్లీషులోనే రాసేవాడు, కానీ రాసేదంతా మా ఊరి గురించే. ఒక బట్టల దుకాణం తరఫున ఆటోలో ఒక క్యాసెట్టు తిరుగుతుండేది, తగ్గింపు ధరలు ఆఖరి మూడు రోజులే అని. ఏడాది పొడుగునా అదే క్యాసెట్టు. అన్న వెళ్ళి దుకాణదారుణ్ణి అడిగాడు. "ఈ రోజు మొదటిసారి ఇన్నోడికి ఇది ఆఖరి మూడు రోజులే గదా," అన్నాడట ఆయన. దాని మీద అన్న రాసిన పోస్టు చదివి నేను పడీ పడీ నవ్వాను. అంతలోనే చివర ఒక మాట రాశాడు. ఆ ఆటో నడిపేవాడు రోజంతా ఆ గొంతు పక్కనే కూర్చుని, ఇంటికి పోయాక భార్య ఏం చెప్పినా సగమే వినబడుతోందన్నాడని. నవ్వు ఆగిపోయింది. అట్లా రాసేవాడు. ఆయన బ్లాగు చదివేవాళ్ళు కొద్దిమందే. పాత విద్యార్థులు, యానాంలో ఒక టీచరు, కోయంబత్తూరులో ఒక బ్యాంకు ఉద్యోగి. వాళ్ళు రాసే కామెంట్లు ఒక్కోసారి పోస్టుకన్నా పొడుగ్గా ఉండేవి.

మొదటి పట్టీకి యాభై మంది నిండలేదు. అందుకని అన్న బ్లాగుని కూడా చేర్చాను. నలభై ఏడో స్థానం వచ్చింది. ఫోన్ చేసి చెబితే పెద్దగా నవ్వాడు.

"నా కింద గూడా ముగ్గురు ఉండారా? పావం, ఎవురమ్మా వాళ్ళు?"

ఆ నవ్వు నాకు చాలా నచ్చింది. మరుసటి సోమవారం ఆయనే ఫోన్ చేశాడు. ఈసారి నవ్వలేదు.

"నలభై తొమ్మిదికి పోయింది, ఎందుకు?"

"ఇద్దరు కొత్తోళ్ళు చేరినారన్నా."

"వాళ్ళు ఏం రాస్తారు?"

"ఏం రాయరన్నా. పది చిట్కాలు, ఏడు సూత్రాలు, అంతే."

"లింకులు ఎన్ని ఉండాయి వాళ్ళకి?" అని అడిగాడు.

ఆ ప్రశ్న దగ్గర మొదలైంది. ఒక నెల తిరిగేసరికి అన్న బ్లాగులో కుడిపక్కన పొడుగాటి పేర్ల వరస వచ్చింది. తను ఎప్పుడూ చదవని బ్లాగులన్నిటికీ లింకులిచ్చాడు. వాళ్ళు ఈయనకు తిరిగిచ్చారు. ఇట్లా ఇచ్చిపుచ్చుకునే గుంపులు అప్పుడు చాలా ఉండేవి. ఒక బ్లాగరు ఇంకొకణ్ణి మహానుభావుడంటాడు, ఆ మహానుభావుడు ఇతణ్ణి మేధావి అంటాడు, సోమవారం పొద్దున ఇద్దరూ రెండు మెట్లు ఎక్కుతారు. ఆ మెట్లు ఎక్కించేది నేను. ఆదివారం నుంచే నాకు మెయిళ్ళు మొదలయ్యేవి. ఢిల్లీలో ఒక పెద్ద కంపెనీ ఉపాధ్యక్షుడు, నా తండ్రి వయసువాడు, తనకు ఒక లింకు తక్కువ లెక్కపెట్టానని రెండు పేజీలు రాశాడు. చివర తన మనవరాలి ఫోటో జతచేశాడు. ఆ పాప నవ్వుతోంది. ఆ ఫోటో ఎందుకు పంపాడో నాకిప్పటికీ అర్థం కాలేదు. దాన్ని చూస్తే మాత్రం రోత పుట్టింది.

అన్న రాత మారిపోయింది. దుకాణాలు పోయాయి, ఆటోలు పోయాయి, మనుషులు పోయారు. 'విజయవంతమైన బ్రాండుకి పది లక్షణాలు' వచ్చింది. 'మీ పలుకుబడి పెంచుకునే అయిదు దారులు' వచ్చింది. ప్రతి పోస్టులో తనకన్నా పై ర్యాంకు వాళ్ళ పేర్లు, వాళ్ళ మాటలు, వాళ్ళకు లింకులు. చదువుతుంటే పులిసిన అన్నం మూత తీసినట్టుండేది. కానీ ర్యాంకు పెరుగుతోంది. ముప్పైల్లోకి వచ్చాడు, ఇరవైల్లోకి వచ్చాడు.

ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. అన్న లోపల కంప్యూటరు ముందు ఉన్నాడు. వదిన పెరట్లో చేపలు కడుగుతోంది. నన్ను చూసి కత్తిపీట పక్కకు జరిపింది.

"రా అమ్మా. మీ అన్న నాతో ఏం చేయిస్తా ఉండాడో తెలుసునా నీకు?"

"ఏంది వదినా?"

"నా చేత కామెంట్లు కొట్టిస్తాడు. నేను చదివింది పదో తరగతి. ఒకనాడు నేను ఢిల్లీలో మేనేజరంట. ఇంకోనాడు పూనాలో కన్సల్టెంటంట. అన్నీ మొగోళ్ళ పేర్లే. 'వెల్ సెడ్ సర్' అని కొట్టల్ల. కట్టుకున్న మొగుణ్ణి రోజూ సర్ సర్ అంటా ఉండా. కుట్టల్సిన రవికలు యాడివి ఆడనే పడుండాయి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వదిన మాత్రం నవ్వలేదు. చేప పొట్ట చీల్చి లోపలిదంతా లాగి పడేసింది.

"నాకు సిగ్గుగా ఉండాది," అంది. "ఎవురికో తెలిసిపోతాదని కాదు. ఆయనకు నా సిగ్గు కనిపించలేదే అని."

మరునాడు ఆఫీసులో, అన్న బ్లాగులో కొన్ని కామెంట్లు దొంగవి, వాటిని లెక్కలోంచి తీసేద్దాం సార్ అన్నాను. ఎవరు రాశారో చెప్పలేదు. యజమాని తల కూడా ఎత్తలేదు.

"కామెంటు కామెంటే మా. ఎవురు రాసినారో చూసేదానికి మనమేమన్నా పోలీసోళ్ళమా?"

ఆ తర్వాత కొద్దిరోజులకు, ఆటో క్యాసెట్టు పోస్టుని ఒక స్నేహితురాలికి చూపిద్దామని వెతికాను. దొరకలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే పాత పోస్టులు ఒక్కటీ లేవు. అన్నకు ఫోన్ చేశాను.

"ఎత్తేసినా మా," అన్నాడు మామూలుగా. "వాటికి ఒక్క లింకు గూడా లేదు. ఊరికే సైటుని కిందికి లాగతా ఉండాయి. ఎవురో చెప్పినారు, తీసేస్తే మార్కు పెరగతాదని."

"యాడన్నా కాపీ పెట్టుకున్నారా అన్నా?"

"ఎందుకు?"

నేను ఫోన్ పెట్టేశాను. మనిషి తన చేతులతో తనే మంచి రాతను చెరిపేసుకున్నాడు. చెరపమన్నది మేం కట్టే లెక్క.

అన్న తొమ్మిదో స్థానానికి వచ్చిన కొత్తలో మాకు ఒక క్లయింటు దొరికాడు. ప్లాస్టిక్ ఐసుపెట్టెలు చేసే కంపెనీ. వీరాంపట్టినంలో చేపలమ్మే ఆడవాళ్ళకు కొన్ని పెట్టెలు ఉచితంగా ఇస్తారు. ఆ సభకు మా పట్టీలోని మొదటి పదిమంది బ్లాగర్లను రప్పించాలి. వాళ్ళు దాని గురించి రాయాలి. యజమాని ఆనందానికి అంతులేదు. పదిమందీ వచ్చారు. బయటి ఊళ్ళవాళ్ళు సముద్రం ఎదురుగా హోటల్లో దిగారు.

పొద్దున వ్యానెక్కే దగ్గరే గొడవ మొదలైంది. ముందు సీట్లు పై ర్యాంకు వాళ్ళకని యజమాని ఏర్పాటు చేశాడు. ఆరో ర్యాంకు ఆయనా ఏడో ర్యాంకు ఆయనా కిటికీ దగ్గర సీటు కోసం వాదులాడుకున్నారు. ఈ వారం పట్టీలో తామిద్దరూ సమానమని ఏడో ఆయన వాదన. నన్ను పిలిచి సాక్ష్యం అడిగారు. ఇద్దరూ తలలు నెరిసినవాళ్ళు. "మీ ఇద్దరికీ ఒక్క మార్కు తేడా సార్," అన్నాను. ఆరో ఆయన కిటికీ పక్కన కూర్చుని, బయటికి చూడకుండా దారంతా ఫోనే చూసుకున్నాడు.

వీరాంపట్టినంలో ఇసుక మీద షామియానా వేశారు. ఆడవాళ్ళు పొద్దున్నించి కూర్చుని ఉన్నారు. ఆ పూట వాళ్ళు అమ్మకానికి పోలేదు. ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి, కంపెనీ మేనేజరు పెట్టె అందిస్తుంటే బ్లాగర్లు ఫోటోలు తీశారు. యాభై ఏళ్ళుంటాయి ఒకామెకు, గట్టి మనిషి, మెడలో పసుపుతాడు. ఆమె వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఫోటోలో కంపెనీ పేరు పడలేదని ఆమెను మళ్ళీ పిలిచారు. రెండోసారి ఆమె నవ్వలేదని మళ్ళీ పిలిచారు. మూడోసారి పెట్టెను ఎత్తి పట్టుకోమని చెప్పింది అన్నే.

ఆమె ఎత్తలేదు. పెట్టెను కింద పెట్టి, మూత తీసి, మళ్ళీ పెట్టి చూపించింది. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తోంది.

"మూత పడటం లేదయ్యా," అంది అరవంలో. "ఐసు మధ్యాహ్నానికే నీళ్ళయిపోతుంది. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. బస్సులో ఎక్కించుకోరు. ఇచ్చేది కాస్త చూసి ఇవ్వకూడదా?"

అన్న పుట్టి పెరిగిందంతా పుదుచ్చేరే. అరవం నాకన్నా బాగా వస్తుంది. బొంబాయి నుంచి వచ్చిన బ్లాగరు, ఆమె ఏమంటోందని అన్నను ఇంగ్లీషులో అడిగాడు. అన్న ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు.

"చాలా సంతోషంగా ఉందంటోంది," అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. "కాదు, మూత పడటం లేదంటోంది," అని ఇంగ్లీషులో గట్టిగానే అన్నాను. బొంబాయి ఆయన నా వైపు చూసి, మర్యాదగా తల ఊపి, ఫోటో తీసుకున్నాడు. మధ్యాహ్నం హోటల్లో వేయించిన వంజరం చేప ముక్కలు తింటూ పదిమందీ మాట్లాడుకున్నది ఒక్కటే, వచ్చే సోమవారం ఎవరు ఎక్కడుంటారని.

రెండు రోజుల్లో అన్న పోస్టు వచ్చింది. 'ఒక మత్స్యకార స్త్రీ నాకు నేర్పిన అయిదు బ్రాండు సూత్రాలు.' ఆమె ఫోటో ఉంది. కింద ఆమె అన్నట్టుగా మాటలు ఉన్నాయి. ఈ పెట్టె నా కుటుంబానికి కొత్త ఆశ, దీని మీద ఉన్న పేరును నేను నమ్ముతాను అని. లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను. వచ్చి కూర్చుని, ఆ పోస్టు కింద కామెంట్ రాశాను. ఆమె ఏమన్నదో ఉన్నదున్నట్టు, నా సొంత పేరుతో. అరగంటలో దాన్ని తీసేశారు. మళ్ళీ రాశాను. మళ్ళీ తీసేశారు.

సాయంత్రం నేరుగా ముదలియార్‌పేట వెళ్ళాను. అన్న వరండాలోనే ఉన్నాడు.

"ఆమె అట్ల అనలేదు గదన్నా."

"కూర్చో మా. ఎందుకంత కోపం?"

"మూత పడదని చెప్పింది. మీరు గూడా ఇన్నారు."

"ఇన్నా. అది రాస్తే ఎవురు లింకిస్తారు? చదివేటోడికి ఫీలింగ్ కావల్ల. పెట్టె మూత గురించి ఎవురికి కావల్ల?"

"ఆమెకి కావల్ల."

"ఆమె బ్లాగు చదవదు గదా," అన్నాడు.

మిషను దగ్గర కూర్చున్న వదిన కుట్టడం ఆపింది. భర్త వైపు చూసింది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, కంప్యూటరు గది తలుపు దగ్గరికి లాగేసి, వచ్చి మళ్ళీ కూర్చుంది.

"ఈ పొద్దు నించి నేను కామెంట్లు కొట్టను," అంది. "మీరే కొట్టుకోండి, మీకు మీరే సర్ అనుకోండి."

నాకూ ఒక బ్లాగు ఉండేది. కాలేజీలో అన్నే తెరిపించాడు. అందులో ఎప్పుడో ఒక ముక్క రాసేదాన్ని. ఇంటికొచ్చి వీరాంపట్టినంలో జరిగిందంతా అందులో రాశాను. వ్యానులో కిటికీ సీటు, మూడుసార్ల ఫోటో, మూత, ఆమె మాటలు, అన్న మార్చిన మాటలు. నాణ్యత మార్కులు ఎట్లా వేస్తామో కూడా రాశాను. ఉద్యోగం పోతుందని తెలుసు. పోనీ అనుకున్నాను.

పోలేదు. జరిగింది వేరు. మర్నాటికల్లా ఎవరో దానికి లింకిచ్చారు. ఆ తర్వాత ఇంకొకరు. నన్ను సమర్థించినవాళ్ళు నాకూ అన్నకూ లింకులిచ్చారు. నన్ను తిట్టినవాళ్ళూ ఇద్దరికీ ఇచ్చారు. 'ఈ వివాదం నుంచి నేర్చుకోవాల్సిన ఏడు పాఠాలు' అని ఏడో ర్యాంకు ఆయన రాశాడు. సోమవారం నేను ఆఫీసుకి వెళ్ళేసరికి యజమాని బేకరీ నుంచి కేకు తెప్పించి ఉంచాడు.

"ఏం మా ఇది! మన పట్టీ పేరు యాడ చూసినా అదే! నువ్వు తిట్టినా మంచిదే అయింది!"

"నాణ్యత మార్కులు దొంగవని రాసినా సార్."

"రాయనీ. తిట్టినా లింకే, పొగిడినా లింకే. మెషినికి తేడా తెలుసునా? ఇట్ల చూడు."

ఆ వారం పట్టీని నేను రాకముందే తనే తయారు చేసి పెట్టాడు. అన్న మూడో స్థానంలో ఉన్నాడు. పద్నాలుగో స్థానంలో నా పేరు. పక్కన పచ్చ బాణం, కొత్తగా చేరినవారు అని. నాణ్యతకు నాకు ఎనిమిది వేశాడు.

నా పేరు తీసేయమన్నాను. ఎందుకు మా, కండిప్పా ఉండల్ల, తప్పకుండా ఉండల్ల అని కేకు ముక్క చేతికిచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి, అక్కడే కూర్చుని, నా బ్లాగు తెరిచి మొత్తం తుడిచేశాను. తర్వాత రాజీనామా రాసిచ్చాను. ఆయన దాన్ని చదివి, "పోయే ముందర దీని గురించి గూడా ఒక పోస్టు రాసి పోరాదా?" అన్నాడు. నవ్వులాటకు అనలేదు. నిజంగానే అడిగాడు.

కొన్నాళ్ళకు ముదలియార్‌పేట మార్కెట్లో, ఆ రోజు మూత పడటం లేదన్న ఆమె కనిపించింది. ముందు పాత అల్యూమినియం గిన్నెలో చేపలు పెట్టుకుని అమ్ముతోంది. నేను గుర్తున్నానో లేదో అనుకుంటూ, పెట్టె ఏదమ్మా అని అడిగాను.

"నువ్వేగా ఆ రోజు మూత గురించి ఇంగ్లీషులో చెప్పిన అమ్మాయివి?" అంది. "నువ్వేదో రాశావంట. కంపెనీవాళ్ళు వచ్చి, మూతలు మార్చి ఇస్తామని పెట్టెలన్నీ లారీలో వేసుకుపోయారు. ఇంకా రాలేదు."

నేను చేతిలో సంచీ కింద పెట్టి ఆమె ముందు కూర్చున్నాను.

"మూత పడకపోతే తడిగుడ్డ చుట్టేదాన్ని," అంది. "మధ్యాహ్నం దాకా ఎట్లాగో ఆగేది. ఇప్పుడు అదీ లేదు." ఆమె గొంతులో కోపం లేదు. చేపల మీద నీళ్ళు చిలకరించి, ఇంకో బేరం చూసుకుంది.

నేను ఆ కంపెనీకి ఫోన్ చేశాను. ఆ కార్యక్రమం అయిపోయిందండీ, ఇప్పుడు దాన్ని చూసేవాళ్ళెవరూ లేరన్నారు. మళ్ళీ చేశాను. అదే జవాబు. వెళ్ళి ఆమెతో అదే చెప్పాను. కంపెనీ గోడౌను ఎక్కడో చెప్పమంది. చెప్పాను. మరుసటి మంగళవారం వీరాంపట్టినం ఆడవాళ్ళు ఒక టెంపోలో వచ్చి గోడౌను గేటుకి అడ్డంగా కూర్చున్నారు. నేనూ వెళ్ళి ఒక పక్కన కూర్చున్నాను. లోపలి లారీలు బయటికి రాలేదు, బయటివి లోపలికి పోలేదు. మధ్యాహ్నానికి మేనేజరు దిగొచ్చాడు. పెట్టెలు బయటికి తెప్పించాడు. అవే పెట్టెలు, అవే మూతలు. ఒక్కటీ మార్చలేదు. ఆమె తన పెట్టెను ఏరుకుని, మూత నొక్కి చూసి, మేనేజరు మొహం మీదే పెద్దగా తిట్టి టెంపోలో వేసుకుంది. అంత మంచి తిట్టు ఆ రెండేళ్ళలో నేను వినలేదు.

తర్వాత నేను ఒక మందుల దుకాణంలో లెక్కలు రాసే పనిలో చేరాను. నేను వచ్చేశాక ర్యాంకుల పట్టీ ఏడాదికన్నా ఎక్కువ నడవలేదు. జనం బ్లాగులు వదిలి ఇంకోచోటికి పోయారు, యజమాని కూడా అక్కడికే పోయాడు. అన్నకు ఆ మూడో ర్యాంకు చూపించుకుని చెన్నైలో పెద్ద ఉద్యోగం వచ్చింది. వదిన వెళ్ళలేదు. ముదలియార్‌పేటలోనే ఉండి రవికలు కుట్టుకుంది. అన్న శనివారాలు వచ్చి పోయేవాడు. నేను వదిన కోసం వెళ్ళేదాన్ని, శనివారం తప్పించి.

కొన్నేళ్ళకు కోసపాళయంలో ఒక పెళ్ళిలో అన్న ఎదురుపడ్డాడు. కొంచెం లావయ్యాడు. చేతిలో కొత్త ఫోను. ఆప్యాయంగానే పలకరించాడు. పక్కన సూటు వేసుకున్న ఒకాయన ఉన్నాడు. నన్ను ఆయనకు పరిచయం చేస్తూ, "ఈమె నా స్టూడెంట్. ఒక కాలంలో ఇండియా మొత్తానికి పద్నాలుగో ర్యాంకు," అన్నాడు. సూటాయన నా వైపు గౌరవంగా చూశాడు. అన్న మొహంలో నిజమైన గర్వం ఉంది. అది చూశాక, ఏళ్ళుగా దాచిపెట్టుకున్న మాట ఒక్కటీ నా నోట్లోంచి రాలేదు. భోజనాల పంతి ఒకటి లేచి ఇంకోటి కూర్చుంటోంది, వదిన లోపలి నుంచి చెయ్యూపి పిలుస్తోంది. వెళ్ళి ఆమె పక్కన ఆకు ముందు కూర్చున్నాను. వదిన నా మొహం చూసింది. వడ్డించేవాణ్ణి పిలిచి, నాకు ఇంకాస్త రసం పోయమంది.